గ్రీస్‌లో వోలోస్ అనే ఊరు ఎవరైనా చూశారా?

కాకినాడ_పద్మజ | శనివారం ఉదయం 10:20

అందరికీ నమస్కారం. మా అబ్బాయి జర్మనీలో ఆర్కిటెక్చర్ పీజీ చేస్తున్నాడు. ఒక సెమిస్టర్ గ్రీస్‌లో చదివే అవకాశం వచ్చిందట. ఏథెన్స్ అనుకుని సంబరపడ్డాను. కాదట, వోలోస్ అట. ఎక్కడ వెతికినా శాంటోరిని తెల్ల ఇళ్ళు, నీలం గుమ్మటాలే వస్తున్నాయి తప్ప ఈ ఊరి గురించి మన భాషలో ఒక్క ముక్క లేదు. మామూలు మనుషులు ఉండే ఊరేనా? ఎలా ఉంటుంది? మావారు "జిల్లా కేంద్రం లాంటిదేలే" అని తేల్చేశారు. నాకే టెన్షన్.

గోంగూర_ఎక్స్‌ప్రెస్ | శనివారం ఉదయం 10:41

పద్మజక్కా, మామూలు మనుషులు లేని ఊరు ఏదైనా ఉంటే నాకు చెప్పండి, నేనే వెళ్తాను.

లంగరు | శనివారం ఉదయం 11:30

నేను చూశానమ్మా. విశాఖ వాణ్ణి, ముప్పై ఏళ్ళు మర్చంట్ నేవీలో ఇంజిన్ రూములో పనిచేశాను. సిమెంట్ లోడింగ్‌కి రెండుసార్లు వోలోస్ వెళ్ళాం. ఊరికి తూర్పున, సముద్రం ఒడ్డునే పెద్ద సిమెంట్ ఫ్యాక్టరీ ఉంది, దాని జెట్టీ దానిదే. ఓడ మీద నుంచి చూస్తే ముందు ఫ్యాక్టరీ గొట్టాలు, వాటి వెనక ఊరు, ఊరి నెత్తిమీద పచ్చటి కొండ. ఆ కొండ పేరు పీలియన్, ఎత్తు 1,600 మీటర్ల పైనే. రాత్రిపూట కొండ మీద పల్లెల దీపాలు చూస్తుంటే, గాల్లో ఎవరో ఊరు కట్టినట్టు ఉంటుంది.

మీవారు చెప్పింది సగం నిజం. జిల్లా కేంద్రం లాంటిదే, కాకపోతే రేవున్న జిల్లా కేంద్రం. అదీ మీ కాకినాడ లాంటిదే అనుకోండి. ఏథెన్స్ నుంచి బస్సులో నాలుగు గంటల పైన పడుతుంది, 330 కిలోమీటర్లు. అఖాతం లోపలికి ముడుచుకుని ఉంటుంది కాబట్టి అలలు పెద్దగా ఉండవు. స్కియాథోస్, స్కోపెలోస్ దీవులకి ఫెర్రీలు అక్కడి నుంచే.

మా పాత కెప్టెన్ ఒకాయన చెప్పేవాడు: 1970ల చివర్లో, 80ల్లో యూరప్ లారీలన్నీ వోలోస్ వచ్చి ఓడెక్కి సిరియాలో తార్తూస్ రేవులో దిగేవట. అక్కడి నుంచి ఇరాక్, కువైట్. ఆ రోజుల్లో ఒడ్డంతా డీజిల్ వాసనే.

పాత_రాతలు | శనివారం మధ్యాహ్నం 12:55

రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్ని, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

పద్మజ గారూ, మీ అబ్బాయి వెళ్తున్నది మామూలు ఊరు కాదండి. జేసన్ అనే వీరుడు ఆర్గో అనే ఓడలో బంగారు గొర్రె ఉన్ని కోసం బయల్దేరిన కథ ఉంది కదా, ఆ బయల్దేరిన ఇయోల్కోస్ ఈ వోలోస్ చుట్టుపక్కలే. పక్కనే ఉన్న సెస్క్లో, దిమీని అనే పల్లెల్లో కొత్తరాతి యుగం జనావాసాలు బయటపడ్డాయి. సెస్క్లో అయితే క్రీస్తుకు పూర్వం ఏడో సహస్రాబ్ది నాటిది. క్రీ.పూ. 294 ప్రాంతంలో దెమేత్రియోస్ అనే మాసిడోనియా రాజు అక్కడ దెమేత్రియాస్ అని తన పేరుతో నగరం కట్టాడు. ఆ నగరం సమాధి రాళ్ళ మీద రంగుల బొమ్మలు ఇప్పటికీ వెలిసిపోకుండా ఉన్నాయి. ఊళ్ళో మ్యూజియం 1909 నాటిది, ఆ రాళ్ళ కోసమే కట్టారు.

తమాషా ఏమిటంటే, ఇంత పాత నేల మీద ఇప్పుడున్న ఊరు మాత్రం చాలా కొత్తది. తుర్కుల కాలంలో ఒక చిన్న కోట, దాని బయట కొన్ని గోదాములు. ఈ ఊరున్న థెస్సలీ ప్రాంతంలో ఎక్కువ భాగం 1881లో గ్రీస్‌లో కలిసింది. ఆ తర్వాతే ఊరు ఊరయింది. 1884లో వోలోస్ నుంచి లారిస్సాకి రైలు వేశారు. థెస్సలీ మైదానం గోధుమ అంతా రైల్లో వచ్చి ఓడెక్కేది. ఆ రైల్వే ఇంజినీర్ ఇటలీ మూలాలున్న ఎవారిస్తో దె కిరికో. ఆయన కొడుకు జోర్జో 1888లో వోలోస్‌లోనే పుట్టాడు, తర్వాత ప్రపంచ ప్రఖ్యాత చిత్రకారుడయ్యాడు. ఆయన బొమ్మల్లో ఖాళీ కూడళ్ళు, పొడుగాటి నీడలు, దూరంగా పొగ వదిలే ఒక రైలు ఉంటాయి. ఆ రైలు నాన్నదేనని నేను నమ్ముతాను. నన్నెవరూ అడగలేదనుకోండి.

పీజీ_పిట్ట | శనివారం మధ్యాహ్నం 2:10

మాస్టారూ, ఆ ఖాళీ కూడళ్ళ రహస్యం నేను చెప్తాను. అది కళ కాదు, మధ్యాహ్నం మూడింటి వోలోస్ 😀

నేను 2023 సెప్టెంబరు నుంచి ఏడాదిపాటు అక్కడే చదివాను. మూడయ్యేసరికి షాపుల షట్టర్లు దిగిపోతాయి. ఎండాకాలం 3 నుంచి 5:30 దాకా నిశ్శబ్ద సమయం. ఇది మర్యాద కాదు, రూలు. గోడకి డ్రిల్లింగ్ పెట్టకూడదు, గట్టిగా పాటలు పెట్టకూడదు. నేను మొదటి వారంలో గోడకి మేకు కొడుతుంటే కింద ఫ్లోర్ ముసలావిడ పైకొచ్చి ఒక్క మాట కూడా అనకుండా తన చేతి గడియారం చూపించి వెళ్ళిపోయింది. మంగళ, గురు, శుక్రవారాల్లో సాయంత్రం షాపులు మళ్ళీ తెరుస్తారు. సోమ, బుధ, శని తెరవరు. ఇది బుర్రకెక్కడానికి నాకు రెండు నెలలు పట్టింది. పెద్ద సూపర్ మార్కెట్లు మాత్రం రాత్రిదాకా ఉంటాయి, ఆంటీ భయపడకండి.

సాయంత్రం ఏడు దాటాక చూడాలి. ఊరు మొత్తం సముద్రం ఒడ్డు రోడ్డు మీదే. దాని పేరు ఆర్గోనాఫ్తోన్, అంటే ఆర్గో నావికుల వీధి. తాతలు, పసిపిల్లల బళ్ళు, కాలేజీ జంటలు, అందరూ ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి మళ్ళీ వెనక్కి. ఎక్కడికీ వెళ్ళడం కాదు, ఊరికే నడవడం. దాన్ని వోల్తా అంటారు. మన ఆర్కే బీచ్ గుర్తొచ్చేది, కాకపోతే మొక్కజొన్న పొత్తుల వాసన బదులు కాఫీ. ఒక ఐస్ కాఫీ కొనుక్కుని రెండు గంటలు కూర్చున్నా ఎవరూ లేవమనరు.

గోంగూర_ఎక్స్‌ప్రెస్ | శనివారం మధ్యాహ్నం 2:18

అసలు విషయం రాయి బ్రో. తిండి.

పీజీ_పిట్ట | శనివారం మధ్యాహ్నం 3:05

వస్తున్నా అన్నా. వోలోస్ పేరు చెప్తే గ్రీస్‌లో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది త్సిపురాదికో. త్సిపురో అంటే ద్రాక్ష పిండాక మిగిలిన పిప్పితో కాచిన సారా. దాన్ని అమ్మే కొట్టు త్సిపురాదికో. (ఆంటీ, మీ అబ్బాయి వెళ్ళడు, నేను చూసుకుంటాను.)

దీనికో పద్ధతుంది. కూర్చోగానే ఒకటే ప్రశ్న, "తోనా, లేకుండానా?" అంటే సోంపు లాంటి అనిస్ వాసన కలిపిందా, కలపనిదా అని. వేలెడంత సీసా ఒకటి వస్తుంది. దాంతో పాటు ఒక చిన్న ప్లేటులో నంజుకోవడానికి ఏదో ఒకటి. మనం ఆర్డర్ చెయ్యం. వాళ్ళేం పెడితే అదే. రెండో సీసా చెప్తే ఇంకో ప్లేటు. మొదట ఆలివ్, ఉప్పు చేప. మూడు నాలుగు రౌండ్లు దాటాక రొయ్యలు, ఆక్టోపస్. మంచి సరుకు వెనకాలే వస్తుంది, అందుకే ఎవరూ తొందరగా లేవరు. ఇది రాత్రిపూట వ్యవహారం కాదు, మధ్యాహ్న భోజనం.

నాకు బాగా నచ్చినది త్సిత్సీరవ్లా. పీలియన్ కొండ మీద ఒక అడవి చెట్టు లేత చిగుళ్ళు వసంతంలో కోసి ఉడికించి వెనిగర్‌లో ఊరబెడతారు. మన చింతచిగురు రుచి కాదు గానీ ఆ జాతే. ముద్దలోకి నంజుకుంటే... పచ్చడన్నం మీద నాకు బెంగ తీర్చింది అదొక్కటే.

కాకినాడ_పద్మజ | శనివారం మధ్యాహ్నం 3:40

వాడు మాంసం ముట్టడు బాబూ. అది చెప్పు.

పీజీ_పిట్ట | శనివారం మధ్యాహ్నం 4:02

అయితే ఒక మాట నేర్పించి పంపండి ఆంటీ: నిస్తీసిమో. ఉపవాసం వంట అని అర్థం. ఈస్టర్ ముందు నలభై రోజుల పైన మాంసం, పాలు, గుడ్లు, చేపలు మానేస్తారు భక్తులు. బుధ, శుక్రవారాలు పాటించేవాళ్ళూ ఉన్నారు. కాబట్టి బేకరీల్లో, హోటళ్ళలో ఆ రకం వంటలు దొరుకుతాయి. "శాకాహారిని" అంటే కొందరు చికెన్ పెడతారు, "నిస్తీసిమో" అంటే వెంటనే అర్థమవుతుంది. కాకపోతే రొయ్యలు, ఆక్టోపస్ ఉపవాసంలో తినొచ్చు వాళ్ళకి, అది మాత్రం అడగాలి. పసుపు పప్పు మెత్తగా ఉడికించి ఉల్లిపాయ వేసిన ఫావా ఉంటుంది, మన ముద్దపప్పుకి చుట్టం. నిమ్మరసం పిండిన ఆకుకూరలు, టమాటా పులుసులో పెద్ద చిక్కుడు గింజలు. బతికేస్తాడు.

లంగరు | శనివారం సాయంత్రం 5:15

త్సిపురో సంగతి పిల్లాడు బాగా చెప్పాడు. ఒకటి కలుపుతాను. అసలు అది రేవు కూలీలు, చేపలవాళ్ళు పొద్దున పని దిగాక తాగే సరుకు. సీసాకో చిన్న ప్లేటు పెట్టే అలవాటుని 1922లో వచ్చిన కాందిశీకులు ఊరంతా పాకించారని అక్కడివాళ్ళు చెప్తారు.

పాత_రాతలు | శనివారం రాత్రి 8:30

లంగరు గారు 1922 ఎత్తారు కాబట్టి ఆగలేను. వోలోస్‌ని వోలోస్ చేసింది ఆ సంవత్సరమే అని నా అభిప్రాయం.

తుర్కీ తీరంలో వేల ఏళ్ళుగా ఉన్న గ్రీకులు యుద్ధంలో ఓడిపోయి ఓడల్లో పారిపోయి వచ్చారు. 1923లో లొజాన్ ఒప్పందంతో అది పక్కా అయింది. దాదాపు పన్నెండు లక్షల మంది క్రైస్తవులు ఇటు, నాలుగు లక్షల దాకా ముస్లింలు అటు. ఎవరు గ్రీకు, ఎవరు తుర్కు అని తేల్చడానికి భాష చూడలేదు, మతం చూశారు. గ్రీకు ఒక్క ముక్క రాని క్రైస్తవులు గ్రీస్‌కి వచ్చారు, తుర్కీ భాష రాని ముస్లింలు తుర్కీకి వెళ్ళారు. మన 1947 గుర్తు రావడం లేదూ?

వోలోస్‌కి వచ్చినవాళ్ళు వాగు అవతల గుడారాలు వేసుకున్నారు. అదే నేయా ఇయోనియా పేట, కొత్త ఇయోనియా. పోగొట్టుకున్న సీమ పేరే పెట్టుకున్నారు. మన పురాణాల్లో "యవనులు" అన్నమాట ఆ ఇయోనియా నుంచి వచ్చిందే, పారశీకుల నోటి మీదుగా. వాళ్ళు 1924లో పెట్టుకున్న ఫుట్‌బాల్ క్లబ్బు నీకీ. ఆ పేరుకి విజయం అని అర్థం. అన్నీ ఓడిపోయి వచ్చినవాళ్ళు పెట్టుకున్న పేరు చూడండి.

స్థానికులు మొదట చేరదీశారా? లేదు. "తుర్కు విత్తనాలు" అని తిట్టేవాళ్ళు గ్రీస్ అంతటా. పొగాకు గోదాముల్లో, ఇటుకల బట్టీల్లో చౌక కూలీలయ్యారు. త్సలపాతాస్ ఇటుకల ఫ్యాక్టరీ 1926లో మొదలైంది, 1975లో మూతపడింది. ఇప్పుడది మ్యూజియం, బట్టీ అలాగే ఉంచారు.

పీజీ_పిట్ట | శనివారం రాత్రి 8:52

మా క్లాసులు కూడా పాత పొగాకు గోదాముల్లోనే మాస్టారూ! యూనివర్సిటీ 1984లో పెట్టినప్పుడు ఊళ్ళో ఖాళీగా పడున్న ఫ్యాక్టరీలు ఇచ్చారు. రేవు పక్కనే పాపాస్త్రాతోస్ గోదాము, అవతల వీధిలో మాత్సాంగోస్ సిగరెట్ ఫ్యాక్టరీ. ఆర్కిటెక్చర్ వాళ్ళకి పండగే, పాత ఫ్యాక్టరీని ఎలా తిరిగి వాడాలో బ్లాక్‌బోర్డు మీద చెప్పక్కర్లేదు.

నిజాంకాలేజీ_నరి | శనివారం రాత్రి 9:30

మాస్టారు చెప్పేదంతా బానే ఉంది గానీ ఫోటోలు చూస్తే ఊరంతా సిమెంట్ డబ్బాలే కనిపిస్తున్నాయి. అంత చరిత్రున్న ఊళ్ళో పాత ఇళ్ళేవి? మన దగ్గరలాగే రియల్ ఎస్టేటోళ్ళు కూలగొట్టారా?

పాత_రాతలు | శనివారం రాత్రి 9:48

అంత తొందరగా తీర్పు చెప్పకండి నరి గారూ. కూలగొట్టింది భూకంపం. 1955 ఏప్రిల్‌లో వరసగా వచ్చాయి. వేల ఇళ్ళు పడిపోయాయి, లేదా ఉండటానికి పనికిరాకుండా పోయాయి. జనం నెలల తరబడి గుడారాల్లో ఉన్నారు. రెండేళ్ళకి 1957లో మళ్ళీ ఒకటి. తర్వాత కట్టినదంతా కాంక్రీటే.

పీజీ_పిట్ట | శనివారం రాత్రి 10:05

పాత ఇళ్ళు చూడాలంటే కొండెక్కాలన్నా. సిటీ బస్సులో అరగంటలో పోర్తారియా, అక్కడి నుంచి మకరినీత్సా. రాతిపలకల కప్పులు, బయటికి పొడుచుకొచ్చిన పై అంతస్తులు. పీలియన్ మీద ఇరవై నాలుగు పల్లెలంటారు. అవతలి వైపు జగోరాలో ఆపిల్ తోటలు, రైతుల సహకార సంఘం 1916 నుంచీ ఉంది. మీలియెస్‌కి 1903లో వేసిన బుల్లి రైలు ఉంది, పట్టాల మధ్య 60 సెంటీమీటర్లే. ఆవిరి ఇంజిను మసికి దాన్ని ముత్సూరిస్ అంటారు, మసిమొహం అని. 1971లో ఆపేసి మళ్ళీ టూరిస్టుల కోసం నడిపారు. దానికీ ఇంజినీర్ ఆ దె కిరికోనే.

తేనెపలుకు | ఆదివారం ఉదయం 7:40

నేను తెలుగు పండితురాలిని. ఈ ఊరి పేరు నాకు మరో కారణంగా తెలుసు. ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను.

గ్రీకులకీ మనలాగే గ్రాంథికం, వ్యావహారికం గొడవ ఉండేది. గ్రాంథికం కాథారెవూసా, వాడుక భాష దిమోతికీ. 1908లో వోలోస్‌లో ఆడపిల్లలకి ఒక హైస్కూల్ పెట్టారు. దిమిత్రిస్ సరాత్సిస్ అనే డాక్టరు పూనుకుంటే, అలెక్సాంద్రోస్ దెల్మూజోస్ దాన్ని నడిపాడు. అందులో పిల్లలకి వాళ్ళు ఇంట్లో మాట్లాడే భాషలోనే చదువు చెప్పారు. బిషప్ మండిపడ్డాడు, పత్రికలు మండిపడ్డాయి. భాష చెడగొడుతున్నారు, దేవుడు లేడంటున్నారు, ఆడపిల్లల్ని పాడుచేస్తున్నారు అని. 1911లో స్కూలు మూయించారు. అంతటితో ఆగక కేసు పెట్టారు. 1914లో నాఫ్‌ప్లియో అనే ఊళ్ళో విచారణ జరిగి అందరూ నిర్దోషులని తేలింది. కానీ స్కూలు మళ్ళీ తెరవలేదు.

సరిగ్గా ఆ ఏళ్ళల్లోనే మన గిడుగు వారు వాడుక భాషలో పాఠాలుండాలని పండితులతో పోరాడుతున్నారు. మద్రాసులో ఆ రచ్చ, వోలోస్‌లో ఈ రచ్చ, ఒకరి సంగతి ఒకరికి తెలిసి ఉండదు. ఒక తేడా ఉంది, గిడుగు వారిని కోర్టుకి లాగలేదు. గ్రీస్‌లో వాడుక భాషకి ప్రభుత్వ గుర్తింపు వచ్చింది 1976లో.

నిజాంకాలేజీ_నరి | ఆదివారం ఉదయం 8:15

ఇది నిజంగా తెలియదు మేడమ్. ఈ ఒక్క పోస్టు కోసమైనా థ్రెడ్ పైన పిన్ చెయ్యాలి.

లంగరు | ఆదివారం ఉదయం 9:20

బిషప్ మాట వచ్చింది కాబట్టి, తర్వాత కాలం బిషప్ గురించి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. 1943 సెప్టెంబరులో జర్మన్లు ఊరిని పట్టుకుని యూదుల పేర్ల లిస్టు ఇమ్మని వాళ్ళ మతగురువు రబ్బీ మోషే పెసాఖ్‌ని పిలిచారు. ఆయన గడువు అడిగి నేరుగా బిషప్ ఇయోకీమ్ దగ్గరికి వెళ్ళాడు. బిషప్ విచారించి, వెంటనే ఊరొదిలి వెళ్ళిపోండి అని చెప్పి, కొండ పల్లెల పూజారులకి ఉత్తరం రాసిచ్చాడు. దాదాపు వెయ్యిమంది యూదుల్లో ఎక్కువమంది పీలియన్ పల్లెల్లో దాక్కుని బతికారు. 1944 మార్చిలో ఊళ్ళో మిగిలిన వాళ్ళలో సుమారు 130 మందిని పట్టుకుపోయారు. అదే గ్రీస్‌లో థెస్సలొనీకీ యూదులు దాదాపు అంతా పోయారు.

నేను రాత్రి ఓడ మీద నుంచి చూసిన ఆ కొండ దీపాలు ఆ పల్లెలవేనని ఎన్నో ఏళ్ళ తర్వాత చదివి తెలుసుకున్నాను.

కాకినాడ_పద్మజ | ఆదివారం ఉదయం 11:00

చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. అందరికీ ధన్యవాదాలు. పిట్టా, నువ్వున్న ఏడాదిలో అక్కడేదో వరద వచ్చిందని మావారు వార్త చూపించారు. నిజమేనా?

పీజీ_పిట్ట | ఆదివారం మధ్యాహ్నం 12:25

నేను దిగిన నాలుగో రోజు ఆంటీ. డానియల్ తుఫాను. 2023 సెప్టెంబరు 5న జగోరాలో ఒక్క రోజులోపే 754 మిల్లీమీటర్లు పడింది. మా అనంతపురంలో ఏడాది మొత్తం కలిపినా అంత పడదు. ఎండిపోయి ఉండే క్రాఫ్‌సిదోనాస్ వాగు ఊరి మధ్య నుంచి కార్లని ఈడ్చుకుపోయింది, వంతెన కూలింది. తర్వాత రోజుల తరబడి కుళాయి నీళ్ళు తాగొద్దన్నారు. నేను మూడో అంతస్తు కాబట్టి బతికిపోయాను, నేలమాళిగలో పెట్టిన సూట్‌కేసు మాత్రం పోయింది. దాంట్లోనే ఆవకాయ. మేకు కొట్టినందుకు గడియారం చూపించిన ముసలావిడ ఉంది కదా, ఆవిడే వారం రోజులు నాకు వాటర్ బాటిళ్ళు, అన్నం పెట్టింది. నెలాఖరుకి ఎలియాస్ అని ఇంకో తుఫాను.

ఏడాది తిరిగేసరికి ఇంకో వింత. కొండ అవతల కార్లా అనే చెరువుని 1962లో ఎండగట్టి పొలాలు చేశారు, తర్వాత కొంత భాగం తిరిగి నింపారు. వరదకి చెరువు తన పాత చోటంతా తనే తీసుకుంది. ఆ నీళ్ళు కాలవల్లో రేవు వైపు దిగుతుంటే మంచినీటి చేపలు కొట్టుకొచ్చి ఉప్పునీళ్ళు తగలగానే చచ్చిపోయాయి. 2024 ఆగస్టు ఆఖర్లో సముద్రం వెండి దుప్పటి కప్పుకున్నట్టు తేలాయి. వంద టన్నుల పైన తీశారు. ఒడ్డున కాఫీ కొట్లన్నీ ముక్కు మూసుకుని ఖాళీ. కాలవ చివర వల కడితే పోయేదని ఊళ్ళో అందరూ తిట్టుకున్నారు, తిట్టేటప్పుడు ఎవర్ని తిట్టాలో అందరికీ తెలుసు.

గోంగూర_ఎక్స్‌ప్రెస్ | ఆదివారం మధ్యాహ్నం 12:40

ఆవకాయకి నా ప్రగాఢ సానుభూతి.

మోడరేటర్ | ఆదివారం సాయంత్రం 6:00

థ్రెడ్ పిన్ చేశాం. ప్లేన్ టికెట్లు, వీసా ప్రశ్నలకి వేరే విభాగం ఉంది, దయచేసి ఇక్కడ వద్దు.

లంగరు | సోమవారం ఉదయం 6:50

ఒక హెచ్చరిక, అబ్బాయికి చెప్పండి. పక్క ఊరు లారిస్సా, 60 కిలోమీటర్లు. ఆ రెండు ఊళ్ళకీ పడదు. లారిస్సా వాళ్ళు వోలోస్ వాళ్ళని "ఆస్ట్రియన్లు" అంటారు. ఎందుకు అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్తారు. విజయవాడ, గుంటూరు అనుకోండి. లారిస్సాలో కాఫీ బాగుంటుంది అని మాత్రం వోలోస్‌లో అనకూడదు.

కాకినాడ_పద్మజ | మూడు వారాల తర్వాత, గురువారం సాయంత్రం 7:15

అబ్బాయి నిన్న చేరాడండి. ఆవకాయ పై అంతస్తులోనే పెట్టమన్నాను. మధ్యాహ్నం వాళ్ళ టైము మూడున్నరకి వీడియో కాల్ చేశాడు, రోడ్డు మధ్యలో నిలబడి, అటూ ఇటూ ఒక్క మనిషి లేడు. "అమ్మా, ఊరు ఖాళీ చేసి వెళ్ళిపోయారా?" అని అడిగాడు. గట్టిగా మాట్లాడకు, పడుకున్నారు అన్నాను.